గంగమణి కోసం కొట్టిన గడులు

రాజనర్సుకి పిచ్చి పట్టిందని గల్ఫులో, మనామాలో ఉన్న మన తెలుగువాళ్ళంతా చెప్పుకున్న రోజుల్లో నేను ఎంతమందితో పోట్లాడానో లెక్కలేదు. మా ఆయన ప్రేమయ్యతో కూడా పోట్లాడాను. పిచ్చివాడైతే వారం వారం మా ఇంటికొచ్చి, తిన్న కంచం తనే కడిగి బోర్లించి వెళ్తాడా? పిచ్చీ లేదు, గిచ్చీ లేదు. ఆ మనిషికి ఒక్కటే కావాల్సి వచ్చింది, అది దొరకలేదు. అదేంటో చెప్తాను. విన్నాక మీరేమనుకుంటారో మీ ఇష్టం.

మాది కొవ్వూరు పక్క. మా ఆయన మనామాలో ఒక సైన్‌బోర్డుల షాపులో ఇనుప ఫ్రేములు వెల్డింగ్ చేసేవాడు. నేను అద్లియాలో ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేదాన్ని. లాండ్రీ వెనక ఉన్న ఒక్క గదిలోనే మా కాపురం. ఎనభై ఒకటిలో రాజనర్సు ఆ షాపుకి పెయింటరుగా వచ్చాడు. జగిత్యాల దగ్గర ఏదో పల్లె. అంతకుముందు కరీంనగర్‌లో సినిమా బ్యానర్లు గీసేవాడట. వచ్చీ రాగానే ఒక మంగలి షాపుకి బోర్డు గీశాడు. సగం గడ్డం గీయించుకున్న మనిషి. చెంప మీద నురగ చూస్తే వేలు పెట్టి తుడిచేద్దామనిపించేది. జ్యూస్ షాపుకి బత్తాయిలు గీస్తే అరబ్బు పిల్లలు బోర్డు కింద నిలబడి అవే కావాలని ఏడ్చేవాళ్ళు. ‘‘వీడు మనిషి కాదే తబితా, కెమెరా’’ అని మా ఆయన రోజూ ఇంటికొచ్చి ఒకటే పొగడ్త.

ఆ పని ఎలా చేస్తాడో మా ఆయన చెప్తేనే నాకు తెలిసింది. ముందు ఫోటో మీద పెన్సిలుతో చిన్న చిన్న గడులు గీసుకుంటాడు. తర్వాత బోర్డు మీద అన్నే పెద్ద గడులు కొడతాడు. నీలిపొడి అద్దిన దారాన్ని రెండు కొసల్లో ఇద్దరు బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే టక్కున తిన్నని గీత పడుతుంది. ఇక చిన్న గడిలో ఏముందో పెద్ద గడిలో అదే వేసుకుంటూ పోవడమే. ముక్కొక గడిలో, కన్నొక గడిలో. అన్నీ నిండాక గడులు కనిపించవు, మనిషి కనిపిస్తాడు.

శుక్రవారం సెలవు. పొద్దున మేం ప్రార్థన కూటానికి వెళ్ళొచ్చేసరికి రాజనర్సు గుమ్మం ముందు నిలబడి ఉండేవాడు. మా దేవుడితో అతనికి పని లేదు. మా ఇంట్లో పులుసుతో పనుంది, టేప్‌రికార్డరుతో పనుంది. ‘‘పులుసు మంచిగనే ఉన్నదక్కా, జెర కారం పడాలె’’ అనేవాడు. ‘‘నీ నోట్లో నిప్పులు పోసినా చాలవు కదయ్యా!’’ అని తిట్టి మళ్ళీ వడ్డించేదాన్ని. అన్నం తిన్నాక టేప్‌రికార్డరు దగ్గర కూర్చునేవాడు. ఇంటి దగ్గర్నించి ఉత్తరాలు రావు, భార్య ముత్తవ్వకి రాయడం రాదు. సెలవుకి వెళ్ళొచ్చే వాళ్ళ చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేది. అందులో సగం ముత్తవ్వ మాటలు, సగం వాళ్ళ గంగమణి అల్లరి. ‘‘నాయినా, నాకు గౌను తే. ఎర్రది తే. పచ్చది తేకు’’ అని ఆ పిల్ల అరుస్తుంటే వంటింట్లో నేను కూడా నవ్వేదాన్ని. అదంతా విని, అదే క్యాసెట్ మీద తన మాటలు రికార్డు చేసి తిరిగి పంపేవాడు. అక్కడ వాళ్ళు దాని మీదే మళ్ళీ మాట్లాడి పంపేవాళ్ళు. అందరూ అలాగే చేసేవాళ్ళు, ఎవరి దగ్గరా పాత మాటలు మిగిలేవి కావు.

‘‘మీ పిల్ల ఫోటో ఒకసారి చూపించవయ్యా’’ అన్నాను ఒకరోజు.

‘‘లేదక్కా. మా అవ్వ వద్దన్నది. పిల్లలకు ఫోటో దీస్తె ఆయుష్షు తగ్గుతదంట. ముత్తవ్వనేమో తీపిద్దామన్నది. నేనే అన్న, ఫోటో ఎందుకే, నేను లేనా, నా బిడ్డను నేనే గీసుకుంట అని. ఇయ్యాల గీద్దాం రేపు గీద్దామనుకుంటనే ఈడికొచ్చిన.’’

‘‘ఏడ్చినట్టుంది. వాళ్ళనీ వీళ్ళనీ గీయడానికి తీరుబడి ఉంది, సొంత పిల్లకి లేదా?’’ అన్నాను. నవ్వాడు. సెలవు దొరికాక గీస్తానన్నాడు. అతను వచ్చేటప్పటికి గంగమణికి మూడేళ్ళు.

ఎనభై నాలుగు వానాకాలంలో ఒక క్యాసెట్ వచ్చింది. నేను చపాతీ పిండి కలుపుతున్నాను. ముత్తవ్వ గొంతు కాదు ముందు వినిపించింది, రాజనర్సు వాళ్ళమ్మ ఏడుపు. తర్వాత ముత్తవ్వ, ఏ ఏడుపూ లేకుండా, గోడకి చెప్పినట్టు చెప్పింది. జ్వరమొచ్చింది, ఫిట్స్ వచ్చినయ్, కరీంనగర్ దవాఖానకు తోల్కపోయినం, మెదడువాపు అన్నరు, గంగమణి లేదు. అంతే. నేను పిండి చేతులతో పరుగెత్తుకొచ్చాను. రాజనర్సు టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే వచ్చింది. మూడోసారి తిప్పబోతుంటే మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ క్యాసెట్ చేతులు మారి ఇక్కడికి చేరేసరికి పిల్ల పోయి నెల దాటింది. సెలవడిగితే షాపు మేనేజరు, ‘‘ఖలాస్ భాయ్, అంతా అయిపోయింది, ఇప్పుడెళ్ళి ఏం చేస్తావ్?’’ అన్నాడట. పాస్‌పోర్టేమో కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, బీరువాలో ఉంది. ఆ మేనేజరు మొహం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెత్రమాస వెళ్ళాక ఇంకో క్యాసెట్ వచ్చింది. తెలంగాణ వాళ్ళు ఆ అమావాస్య రోజు పోయినవాళ్ళ పేరు చెప్పి బియ్యమిస్తారట. ముత్తవ్వ ఈసారి ఏడ్చింది.

‘‘బిడ్డ మొకం మర్శిపోతున్న నర్సయ్యా. కన్నతల్లిని, నేనే మర్శిపోతున్న. ముక్కు నీ లెక్కనే ఉండెనని మీ అవ్వంటది, కాదు నా లెక్కనే అని నేనంట, ఇద్దరం కొట్లాడుతున్నం. పెత్రమాసకు బియ్యమిచ్చేటప్పుడు ముందల పెట్టుకుందామంటె బొమ్మ లేదు. నువ్వు గీస్తనంటివి గద. గియ్యి. వచ్చే పెత్రమాసకన్న పంపు.’’

ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా ధైర్యం వచ్చింది. ఇంకెవరైనా అయితే ఏం చేయగలరు? ఇతను రాజనర్సు. బత్తాయికి ప్రాణం పోసినవాడు. ‘‘గీసెయ్ తమ్ముడూ, మా గదిలోనే గీసుకో, మీ లేబర్ క్యాంపులో ఎవరూ కుదురుగా ఉండనివ్వరు’’ అన్నాను. ఆ పై శుక్రవారమే కాన్వాసు గుడ్డా రంగులూ పట్టుకొచ్చి, మా గోడకి ఆనించి మొదలుపెట్టాడు.

సాయంత్రానికి మొహం వచ్చింది. పెద్ద పెద్ద కళ్ళు, గుండ్రటి గడ్డం. మా ఆయన ఊరుకోవచ్చుగా? ‘‘భలే ఉందయ్యా, అచ్చం హీరోయిన్‌లా ఉంది!’’ అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం. రాజనర్సు బొమ్మకేసి చూసి, టర్పెంటైన్‌లో గుడ్డ ముంచి మొత్తం తుడిచేశాడు. ‘‘నిజమే బావా. గిది సినిమా మొకం. నా చెయ్యికి గదే అలవాటు’’ అన్నాడు. ఆ పై వారం వచ్చిన మొహం ఏదో సబ్బు కాగితం మీద పాపది. ఆ తర్వాత వచ్చింది ఎవరో మాకెవరికీ తెలియదు, అతనికీ తెలియదు. ఫోటో ముందుంటే వెంట్రుక కూడా తప్పని మనిషికి, ఫోటో లేకపోయేసరికి చెయ్యి అతని మాట వినలేదు.

‘‘కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకో తమ్ముడూ’’ అన్నాను.

‘‘యాదికొస్తదక్కా, ఎందుకు రాదు? మూడేండ్ల పోరి యాదికొస్తది. ముత్తవ్వ అడుగుతున్నది ఆరేండ్ల పోరిని. దాన్ని నేను సూడలే. సూడని మొకం యాడికెల్లి తేవాలె?’’

అప్పటిదాకా ఆ సంగతి నాకు తట్టనే లేదు. 

అది చెయ్యికి పట్టుకుందో మనసుకి పట్టుకుందో, షాపులో కూడా మొహాలు ఆగిపోయాయి. ఒక ఫోటో స్టూడియో బోర్డుకి గడులు కొట్టి, బొమ్మకి చీర కట్టాడు, మెడలో దండ వేశాడు, మొహం దగ్గర గడులు గడులుగానే వదిలేశాడు. ఎదురుగా ఫోటో ఉంది, అయినా గీయడు. మేనేజరు అరిచాడు. రెండు రోజులు చూసి మళ్ళీ అరిచాడు. ఆఖరికి ఊరి బయట అవాలి రోడ్డు కాంట్రాక్టులో పడేశాడు. ఎండలో కూర్చుని రోడ్డు అంచు రాళ్ళకి ఒకటి తెలుపు, ఒకటి నలుపు వేసుకుంటూ పోవడం. అంత చేయి తిరిగినవాణ్ణి ఆ పనిలో పెట్టారే అని మా ఆయన ఆ రోజు అన్నం తినలేదు. రాజనర్సు మాత్రం, ‘‘మంచిగనే ఉన్నది బావా, రాళ్ళకు మొకాలుండయ్’’ అన్నాడు.

శుక్రవారాలు మానలేదు. అంత దూరం నుంచి ఏ బండో పట్టుకుని వచ్చేవాడు. కానీ గీసే పద్ధతి మారింది. కొత్త గుడ్డ మేకులకి బిగించాడు, గడులు కొట్టుకున్నాడు, గడుల ముందు కూర్చుని ఊరికే చూసేవాడు. ఆ తర్వాత సన్న కుంచె తీసుకుని ఆ గీతల్నే దిద్దడం మొదలుపెట్టాడు. నలుపు, తెలుపు, అంతే. ఒక చోట గీతని ఇంత పక్కకి వంచాడు. దాని పక్క గీత దానికంటే తక్కువ వంగింది. ఒక చోట గడులు చిన్నవవుతూ చిన్నవవుతూ నూలుపోగుల్లా దగ్గరికొచ్చాయి, ఇంకో చోట వెడల్పయ్యాయి. వారాల తరబడి ఇదే. కూటం పెద్ద జ్ఞానదాసుగారు ఒకసారి మా ఇంటికొచ్చి, ‘‘ఇది బొమ్మా, దోమతెరా?’’ అని అడిగి పెద్దగా నవ్వారు. నాలుగు ఇళ్ళు తిరిగి అదే చెప్పారు. రాజనర్సుకి పిచ్చి అన్న మాట అక్కడ పుట్టింది.

నాకూ ముందు అర్థం కాలేదు. ‘‘ఏంటయ్యా ఇది, చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఆ పిల్ల ఏది?’’ అని గట్టిగానే అడిగాను.

‘‘మొకం గియ్యొస్తలేదక్కా’’ అన్నాడు. ‘‘మొకం ఉన్న జాగ గియ్యొస్తున్నది.’’

ఏం మాటలో అనుకుని నా పని చూసుకున్నాను. కానీ చెప్తున్నాను వినండి, ఒకరోజు ఆ గుడ్డకి వీపు పెట్టి బట్టలు మడత పెడుతూ, ఎందుకో తల తిప్పాను. గీతలు కదిలాయి. గుడ్డ వెనక ఎవరో నిలబడి, దోమతెరకి మొహం ఆనించినట్టే ఉంది. చెంపలు ముందుకొచ్చాయి. కళ్ళుండాల్సిన చోట లోతుగా ఉంది. తిన్నగా చూస్తే ఏమీ లేదు, గీతలే. పక్కకి చూస్తే మళ్ళీ వచ్చింది. చిన్నపిల్ల. ముక్కూ మూతీ చెప్పలేను, కానీ పిల్లే. నాకు భయమేసింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రాజనర్సు నన్ను చూసి నవ్వాడు. ఆ కబురొచ్చాక అతను నవ్వడం అదే మొదలు. ‘‘కనవడ్డదా అక్కా? ముత్తవ్వకు గూడ కనవడ్తది’’ అన్నాడు. ఆ రోజు పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు. ఇక ఈ మనిషి బతికి బట్టకడతాడనుకున్నాను.

ఎనభై ఐదు ఎండాకాలంలో మా ఆయనకి సెలవు దొరికింది. బొంబాయిలో దిగి, కొవ్వూరు రైలెక్కకుండా, గల్ఫు వాళ్ళ బస్సులో జగిత్యాల వెళ్ళాడు, ఆ బొమ్మ తన చేత్తోనే ఇవ్వాలని. దాన్ని చుట్టి, పాత చీర ముక్కలో పెట్టి నేనే కుట్టిచ్చాను. రాజనర్సు పంపిన మాట ఒక్కటే. ‘‘మన గంగమణి అని చెప్పు బావా. అంతే చెప్పు. ఇంకేం చెప్పకు.’’

మా ఆయన తిరిగొచ్చిన శుక్రవారం రాజనర్సు పొద్దున్నే వచ్చేశాడు. మా ఆయన సంచీలోంచి చీరముక్క చుట్ట తీసి మంచం మీద పెట్టాడు. నేను కుట్టిన కుట్లు కావు, వేరే దారం, వేరే కుట్టు. బొమ్మ తిరిగొచ్చింది. రాజనర్సు దాన్ని ముట్టుకోలేదు.

‘‘నచ్చలేదా?’’ అన్నాడు.

‘‘అయ్యో, నచ్చకపోవడం కాదయ్యా’’ అని మా ఆయన మొదలుపెట్టి, నీళ్ళు నమిలి, నా వంక చూశాడు. ‘‘ఉన్నదున్నట్టు చెప్పి చావండి!’’ అని కసిరాను. అప్పుడు చెప్పాడు.

ముత్తవ్వ బొమ్మని నేల మీద పరిచిందట. మీద చెయ్యి పెట్టి గీతల వెంబడే వేలు నడిపిందట. ఎంత సంబరమో ఆ మొహంలో. అత్తగారిని పిలిచి చూపించిందట. ‘‘సూడత్తా, గడులు కొట్టిండు. ముందుగాల గడులే కొడ్తడు, మొకం ఎనుక గీస్తడు. నాకెర్కనే గద, కరీంనగర్‌ల బ్యానర్ గీసేటప్పుడు దారం ఒక కొస ఆయన పట్టుకుంటె ఒక కొస నేనే పట్టుకుందు.’’ తర్వాత, వంగిన గీతల దగ్గర వేలు ఆగిందట. అక్కడే వేలితో తిప్పి తిప్పి చూసి, మా ఆయనతో అందట, ‘‘గివి వంకరపోయినయ్ అన్నా. ఆడ దారం పట్టుకునేటోళ్ళు లేరు గద. ఒక్కడే ఎట్ల కొడ్తడు? నేనుంటె వంకర పోకపోతుండె. ఏం పర్వలేదు, మొకం గీసినంక గడులు కనవడయ్ అని చెప్పు. పెత్రమాసకు ఇంక టైమున్నది, తోల్కపోయి ఇయ్యన్నా, మొకం గీసి పంపుమను.’’

తనే మళ్ళీ చుట్టి, కుట్టి, మా ఆయన చేతిలో పెట్టిందట. కాదమ్మా, బొమ్మ ఇదే అని చెప్పడానికి మా ఆయనకి నోరు రాలేదు.  

రాజనర్సు ఆ కుట్లకేసి చూశాడు. ఏడవలేదు. ‘‘వంకర పోయినయ్ అన్నదా?’’ అని ఒకసారి అడిగాడు. అన్నదని మా ఆయన తలూపాడు. ‘‘దాన్ని ఏమనలేం బావా. అది మంచిగనే సూసింది’’ అన్నాడు. చుట్ట విప్పి, మేకులకి గుడ్డ బిగించి, రంగులు తీశాడు. గదంతా కలయజూశాడు. నా సూదులూ దారాలూ పెట్టుకునే బిస్కెట్ డబ్బా గూట్లో ఉంది. దాని మూత మీద నవ్వుతున్న తెల్ల పిల్ల బొమ్మ.

‘‘అక్కా, గా డబ్బా ఇయ్యి.’’

‘‘ఎందుకు?’’ అన్నాను. అడిగానే గానీ నాకు తెలిసిపోయింది. ‘‘వద్దు తమ్ముడూ. ఇంత కష్టపడి గీసింది పాడుచేసుకోకు. ఆవిడకి నేను క్యాసెట్‌లో చెప్తాను, పక్కకి తల తిప్పి చూడమని చెప్తాను. నాకు కనిపించింది కదా, ఆవిడకీ కనిపిస్తుంది.’’

‘‘నీకు ఎవలో పిల్ల కనవడ్డదక్కా. దానికి దాని బిడ్డ కావాలె.’’

డబ్బా ఇచ్చాను. మూత మీద పెన్సిలుతో గడులు గీసుకున్నాడు. చిన్న గడిలో ఏముందో పెద్ద గడిలో అదే వేసుకుంటూ పోయాడు. తెల్ల రంగుని చామనఛాయ చేశాడు, ఎర్ర జుట్టుని నల్లగా నూనె రాసిన జుట్టు చేసి రెండు జడలు వేశాడు, బొట్టు పెట్టాడు, ఎర్ర గౌను తొడిగాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు, అదే పాత చెయ్యి. సాయంత్రానికల్లా గడుల్లో ఒక్కటీ మిగల్లేదు. నేను పక్కకి తల తిప్పి ఎన్నిసార్లు చూశానో. గుడ్డ వెనక ఎవరూ లేరు. చక్కటి పిల్ల, చూడముచ్చటగా, ముందుకి చూస్తూ నవ్వుతోంది. దాన్ని చింపి పారేద్దామన్నంత కోపమొచ్చింది నాకు.

పెత్రమాసకి ముందే ఊరికి వెళ్ళేవాళ్ళెవరో తీసుకెళ్ళారు. పండగ వెళ్ళిన నెలకి క్యాసెట్ వచ్చింది. మేం ముగ్గురం కూర్చుని విన్నాం. ముత్తవ్వ ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఏడుస్తోంది. ‘‘అచ్చం బిడ్డనే నర్సయ్యా! సచ్చి నీ కడుపున పుడ్త. గదే నవ్వు, గవే కండ్లు. ఊరంత వచ్చి సూసిపోయిండ్రు. మీ అవ్వ గూడ ఒప్పుకున్నది, ముక్కు నాదే. బొమ్మ ముందల బువ్వ పెట్టి బియ్యమిచ్చినం. ఇగ నేను మర్శిపోను. పండేటప్పుడు రోజు సూసుకుంట.’’

టేపు అయిపోయి టక్కున ఆగింది. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకు కూడా మనసు కొంచెం తేలికైంది, అబద్ధమెందుకు చెప్పాలి. ‘‘పోనీలే తమ్ముడూ, ఏదైతేనేం, ఆ తల్లి ప్రాణం కుదుటపడింది’’ అన్నాను.

‘‘మంచిగైందక్కా. దానికి మంచిగైంది’’ అన్నాడు రాజనర్సు. అని, రెండు అరచేతులతో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చేతులు తీసి నా వంక చూశాడు.

‘‘మూడేండ్ల పోరన్న యాదికొస్తుండె నాకు ఇన్నొద్దులు. ఇప్పుడు కండ్లు మూస్తె గా డబ్బా మీది పోరే వస్తున్నదక్కా. నా బిడ్డ వస్తలేదు.’’